నవాహో అక్షరాలు, మా నీళ్ళ మాట

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వేసవి సెలవుల్లో మా అవ్వ దగ్గర కూర్చుని సవర మాటలు నోట్‌బుక్కులో రాసుకున్నా. చిన్నప్పట్నుంచీ హాస్టల్లోనే ఉన్న మా చెల్లి కోసం. అది చదివి, అవ్వని నీళ్ళడిగింది. "డా" అంది. అవ్వ బిత్తరపోయి చూసింది. చెల్లి తప్పేం లేదు, నేను రాసిందే చదివింది. మా మాట డా కాదు. డ అనేసి, గొంతు ఒక్క క్షణం మూసి, తెరుస్తూ అ అనాలి. ఆ మూసిన క్షణానికి తెలుగులో అక్షరం లేదు కదా అని నేనే వదిలేశా.

ఈ గొంతు ఆపుని వేరేవాళ్ళు ఎలా రాస్తున్నారని వెతికితే నవాహో దగ్గర ఆగిపోయాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాళ్ళ భాషతో రహస్య సందేశాలు పంపిన కథ మనలో చాలామందికి తెలుసు. అదే భాష మాట్లాడితే బోర్డింగ్ స్కూళ్ళలో పిల్లల్ని శిక్షించేవారన్నది మాత్రం తక్కువ చెప్పుకుంటాం.

వాళ్ళు వాడేది ఇంగ్లీషు అక్షరాలే, కానీ లొంగదీసుకుని వాడారు. 1930ల చివర్లో ఈ రాత స్థిరపడింది. రాబర్ట్ యంగ్ అనే తెల్లాయన, విలియం మోర్గన్ అనే నవాహో ఆయన కలిసి 1943లో నిఘంటువు తెచ్చారు. గొంతు ఆపుకి పైన చిన్న కామా పెట్టారు. అది అలంకారం కాదు, పూర్తి హల్లు. అదే కామా టి, కె లాంటి అక్షరాల పక్కన పెడితే గొంతు బిగబట్టి టక్కున పేల్చినట్టు పలకాలి. ఎల్ మీద అడ్డగీత గీస్తే నాలుక పక్కల నుంచి గాలి వదిలే శబ్దం. ఇది నాకింకా రాలేదు, పిల్లి చీదినట్టు వస్తోంది.

అచ్చులు నాలుగే: అ, ఎ, ఇ, ఒ. దీర్ఘమైతే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. ముక్కుతో పలికితే కింద చిన్న కొక్కెం, మన పాత అరసున్న పని. స్వరం పైకెత్తితే నెత్తిన గీత. బిత్సి' అంటే అతని కూతురు. బిత్సిఁ' అంటే అతని మాంసం. బిత్సీ' అంటే అతని జుట్టు. కొక్కెం మర్చిపోతే ఏమవుతుందో చూడండి! ఇవి తెలుగులో ఎలాగో రాసేశాను గానీ, మందుకీ నోటికీ వాళ్ళ మాటలు రెండూ తెలుగులో అజే' అనే వస్తాయి. తేడా అంతా స్వరంలోనే. నోరు అన్నప్పుడు స్వరం పైకి లేస్తుంది.

ఇంకో తమాషా. వాళ్ళు డి అని రాసేది మన చెవికి ట, త మధ్యలో వినిపిస్తుంది, బి అని రాసేది ప లాగా. తమని తాము దినే అనుకుంటారు, నాకైతే తినే అన్నట్టే వినిపించింది. నీళ్ళకి వాళ్ళ మాట తో. ఆ త లో ఊపిరి గట్టిగా కొట్టాలి, స్వరం ఎత్తాలి.

మనకి ఎవరూ చెయ్యలేదని కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మనం దండలేసే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాసినాయన. మా బళ్ళో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒడిశా వైపు మంగై గొమాంగో 1936లో సొరా సొంపెంగ్ అని విడిగా లిపే చేశారు. మా ఊళ్ళో నాకు తెలిసినంతలో అది చదివేవాళ్ళు లేరు.

అందుకని ప్రస్తుతానికి నవాహోల కామానే అరువు తెచ్చుకున్నా. డ'అ అని దిద్దాను. "పెన్ను జారిందా అన్నా?" అంది చెల్లి. కాదు, అక్కడ ఆగాలి అన్నాను. ఆగింది. ఫోన్లో విని అవ్వ "ఊఁ" అంది.

నోట్‌బుక్కులో ఇంకా రెండొందల మాటలున్నాయి. ఎన్నింట్లో ఆపు మింగేశానో, దసరాకి వెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చుని దిద్దుకోవాలి. సీతంపేట, పార్వతీపురం వైపు సవర వాళ్ళు మీరెలా రాస్తున్నారో చెప్పండి.