ఇంగ రోంత ఊరిబిండి

మా వాళ్లు బెంగుళూరు వదిలేసి మళ్లీ బాగేపల్లికి వచ్చేసినారని చెప్తే క్లాసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు?" రెండో ప్రశ్న, "అక్కడుండే హోటళ్లు ఇక్కడ యాడుంటాయి?" మొదటిదానికి జవాబు చిన్నది. నాయనకు పని తగ్గింది, యలహంకలో ఇంటి బాడుగ పెరిగింది. రెండోదానికి జవాబు కొంచెం పొడుగు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు మేము బెంగుళూరికి పోయినాం. తొమ్మిదేళ్లు అక్కడే. దూరం చూస్తే నూరు కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బెంగుళూరికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్కనే పోతుంది. అంత దగ్గరున్నా మేము ఊరికి వచ్చేది పండగకో, పెళ్లికో, చావుకో.

ముందు ఊళ్లో ఉన్నప్పుడు హోటల్ అంటే అమ్మకూ నాకూ పార్సిల్. నాయన లోపల కూర్చుని తినేవాడు. మేమిద్దరం మెట్ల కింద నిలబడి దోసెలు కట్టించుకుని ఇంటికి పోయేవాళ్లం. ఆడవాళ్లు లోపలికి రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా ఎవరూ పోయేవాళ్లు కాదు. ఆసుపత్రికో, బట్టలకో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు మాత్రం మూల బల్ల దగ్గర గోడవైపు తిరిగి గబగబా తిని లేచిపోయేవాళ్లు. ఊళ్లో ఇల్లు పెట్టుకుని హోటల్లో కూర్చుంటే, ఆ ఇంట్లో ఆ పొద్దు పొయ్యి వెలగలేదని లెక్క.

బెంగుళూరులో దర్శిని హోటళ్లుంటాయి కదా. టోకెన్ తీసుకోవడం, నిలబడి తినడం, ప్లేటు పెట్టేసి పోవడం. పక్కన ఎవరు తింటున్నారో ఎవరికీ పట్టదు. అమ్మకు మొదట్లో అది శానా నచ్చింది. "ఎవురూ అడగరు పాపా" అని ఆశ్చర్యపోయేది. నెలకొకసారి ముగ్గురం పోయేవాళ్లం.

నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒక ఆదివారం కూర్చుని తినే హోటల్‌కి పోయినాం. పక్క బల్ల దగ్గర నా స్కూలు పిల్ల వాళ్ల ఇంటివాళ్లతో ఉంది. అమ్మ దోసె తింటూ, "అప్పా, ఇంగ రోంత ఊరిబిండి ఎయ్" అనింది. వడ్డించే పిల్లోనికి అర్థం కాలేదు. అమ్మ మళ్లీ గట్టిగా అడిగింది. పక్క బల్ల వాళ్లు తిరిగి చూసినారు. వాళ్లు నవ్వినారో లేదో నాకిప్పుడు గుర్తు లేదు. నేను మాత్రం కన్నడంలో "చట్నీ" అని చెప్పి, అమ్మతో "నువ్వు ఊరుకోమ్మా, ఏం కావాలన్నా నాతో చెప్పు" అన్నాను.

ఆ తరువాత అమ్మ హోటల్లో ఏమీ అడగలేదు. నేను చెప్పింది తినేది. ఇంకా కావాలా అంటే చాలు అనేది. కొన్నాళ్లకు "నాకు ఆకలి లేదు, మీరు పోయి రాండి" అని మొదలుపెట్టింది. నేను నిజంగానే ఆకలి లేదనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులభంగా ఉండింది.

తిరిగి వచ్చే రోజు సామాను టెంపోలో ముందు పోయింది. మేము బస్సులో వచ్చి, చిక్కబళ్లాపురంలో దిగి భోజనానికి ఒక హోటల్‌కి పోయినాం. ఇక్కడి నుంచి మన మాట వినబడుతుంది. ఒక బల్ల దగ్గర కన్నడం, ఇంకో బల్ల దగ్గర తెలుగు. డబ్బులు తీసుకునే మనిషి ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలో చిల్లర ఇస్తున్నాడు. అయినా అమ్మ, "నాకు కాఫీ చాలు" అనింది. ఊరు దగ్గరపడింది గానీ అలవాటు పోలేదు.

బాగేపల్లికి వచ్చినాక నాకు మొదటి రెండు నెలలు కష్టంగానే గడిచింది. సాయంత్రం ఒకసారి ఒక్కదాన్నే బండి దగ్గర గోబీ మంచూరి తిన్నాను. నేను ఇంటికి చేరేలోగా ఆ సంగతి నాయనకు చేరిపోయింది! "యవరి బిడ్డవి పాపా?" అని అడగడంలో ప్రేమ ఉంటుంది, నిజమే. కాపలా కూడా ఉంటుంది. ఊరిని పొగిడేటప్పుడు మనం ఈ రెండోది చెప్పం.

డిసెంబరులో రేషన్ కార్డు పనిమీద అమ్మా నేనూ బజారుకు పోయినాం. పని అయ్యేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎదురుగా మేము పార్సిల్ కట్టించుకునే పాత హోటల్. బోర్డు మీద కన్నడంలో "రాగిముద్దె ఊట, అవరెకాళు సారు" అని ఉంది. లోపలి నుంచి "రెండు ముద్ద, అనపగింజల సారు" అని తెలుగులో కేక వినబడింది. మా పక్క హోటళ్లన్నీ ఇంతే. బోర్డు కన్నడం, కేక తెలుగు. హితికిద బేళె అని రాసి ఉంటే పితికిన పప్పు అని చదువుకుంటాం.

ఊరికే ఇప్పుడు రెండు పేర్లు. 2025 జులైలో నంది కొండలో జరిగిన మంత్రివర్గ సమావేశంలో బాగేపల్లిని భాగ్యనగర అని మార్చాలని తీర్మానించినారు. ఆ మాట విని అమ్మ, "ఏమన్నా పెట్టుకోనీ, కండక్టరు బాగేపల్లి అంటేనే నేను దిగేది" అనింది.

హోటల్ ముందర అమ్మ అలవాటుగా మెట్ల కిందే ఆగిపోయింది. నేను లోపలికి పోయి కన్నడంలో "అణ్ణా, ఎరడు ఊట" అన్నాను. ఆయన నన్ను వదిలేసి అమ్మ వైపు చూసినాడు. "ఏమ్మా, బాగుండావా? యప్పుడొస్తిరి ఊరికి? ఆడే నిలబడితివే, లోపలికి రా" అన్నాడు. అమ్మ ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి లోపలికి వచ్చింది. మూల బల్ల ఖాళీగా ఉంది. అమ్మ దాన్ని దాటుకుని వచ్చి, వీధివైపు ముఖం పెట్టి కూర్చునింది.

అనపకాయల కాలం. మీకు తెలిసిందే, ఆ గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్లతో పితికి, పొట్టు తీసి పప్పు చేసేది ఎంత పనో. బెంగుళూరులో జనవరి వస్తే దీనికి అవరెబేళె మేళా అని పెట్టి, అనపగింజలతో దోసె నుంచి జిలేబి దాకా అమ్ముతారు. ఇంట్లో మాత్రం అది రాత్రి పొద్దు దాకా ఆడవాళ్ల వేళ్లు చేసే పని. ఆ పొద్దు ఎవరో పితికి, ఎవరో వండి, అమ్మకు వడ్డించినారు. అమ్మ ముద్ద తుంచి సారులో అద్ది మింగుతుంటే, వేరే వాళ్లు చేసిన అన్నం అమ్మ ఇంత నిదానంగా తినడం నేను చూడలేదే అనిపించింది.

సగం ముద్ద అయినాక అమ్మ తలెత్తింది. నా వైపు చూడలేదు. "అన్నా, ఇంగ రోంత ఊరిబిండి ఎయ్" అనింది. గట్టిగానే. ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన వచ్చి రెండు గరిటెలు వేసిపోయినాడు.

నాకు ముద్ద గొంతులో ఆగింది. ఏడో క్లాసు ఆదివారం గురించి ఏమన్నా చెప్పాలనుకున్నాను. మాట రాలేదు. "అన్నా, నాక్కూడా ఊరిబిండి" అని మాత్రం అడిగినాను, తెలుగులో. అప్పుడు అమ్మ నా వైపు చూసి, "బెంగుళూరు ఊరిబిండిలో ఉప్పే ఉండదులే" అనింది. తొమ్మిదేళ్ల సంగతిని ఉప్పు మీదికి తోసేసి నన్ను వదిలేసింది.

మన శాఖలో చేరినప్పుడు "తెలుగు ఎందుకు తీసుకున్నావు?" అని మేడమ్ అడిగితే, "ఇంట్లో మాట్లాడతాం మేడమ్" అన్నాను. అది సగం జవాబే. ఇంట్లో మాట్లాడే మాటను బయట అడగడానికి సిగ్గుపడినాను కాబట్టి తీసుకున్నాను. కన్నడం నాకు బరువు కాదు. నా చదువంతా అందులోనే. ఇక్కడ చింతామణి పక్కన కైవారంలో, గాజులమ్ముకుని తిరిగిన నారాయణ తాతయ్య రెండు భాషల్లోనూ రాసినారు. ఆయనకు లేని సిగ్గు నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇప్పుడు రెండో ప్రశ్నకు జవాబు. బెంగుళూరు హోటళ్లు ఇక్కడ లేవు. రాత్రి తొమ్మిదికి షట్టర్లు దిగిపోతాయి. ఒక్కదానివే కూర్చుంటే చూస్తారు. కానీ చూసీ చూసీ వాళ్లకూ అలవాటు కావాల్సిందే కదా. మొన్న చింతామణి బస్టాండు దగ్గర మనం నలుగురం పోయినప్పుడు, వాళ్లు అడగకముందే మనమే పరదా వెనక ఫ్యామిలీ రూములోకి పోయినాం. గుర్తుందా? ఈసారి ముందర బల్ల దగ్గర కూర్చుందాం.

అనపకాయలు అయిపోకముందు మీ అమ్మనూ ఒకసారి తీసుకుపోండి. పార్సిల్ వద్దు. ఏం కావాలో ఆమెనే అడగనియ్యండి.