మూసే బూసీ ఇంటిపేరేమిటి?

బొబ్బిలి కథ విన్నవాళ్లకి ఆ పేరు కొత్త కాదు. కథకుడు ‘మూసే బూసీ’ అని గొంతెత్తితే అదంతా ఒకే పేరనుకుంటారు చాలామంది. ‘మూసే’ అంటే ఫ్రెంచివాళ్ల ‘మొస్యూ’. మన ‘గారు’ లాంటిది! కోట కూల్చినవాణ్ని కూడా గారు పెట్టి పిలిచిన మర్యాద మన కథకులది. హైదరాబాద్‌ మూసారాంబాగ్‌లో ఉన్న ‘మూసా’ కూడా ఇదే. అక్కడ ఆ గౌరవం దక్కింది 1798లో చనిపోయిన రేమండ్‌కి.

ఇంతకీ బూసీ ఆయన ఇంటిపేరే కాదు. పూర్తిపేరు చార్లెస్ జోసెఫ్ పటిస్యే, మార్క్వీ ద బుస్సీ. ‘పటిస్యే’ అంటే ఫ్రెంచిలో కేకులూ తీపి వంటకాలూ చేసేవాడు. బుస్సీ అనేది వాళ్ల జాగీరు పేరు. ఊరి పేరే ఇంటిపేరై కూర్చోవడం తెలుగువాళ్లకి వింతేం కాదు కదా!

ఆ పేరు మన గడపలోకి వచ్చింది మాత్రం ఫిరంగులతో. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. అందులో శ్రీకాకుళమూ ఉంది. విజయనగరం పూసపాటి విజయరామరాజు బూసీతో చేతులు కలిపాడు. బొబ్బిలితో ఆయనకి పాత పగ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. రంగారాయుడు నేలకొరిగాడు. మూడోనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపాడు.

కోటలో ఆడవాళ్లు తమంతట తామే ప్రాణాలు తీసుకున్నారని కథలో వింటాం. ఆ శతాబ్దపు ఇంగ్లిషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసింది వేరు. పరువు పోకూడదని వాళ్లనీ పిల్లల్నీ చంపింది కోటలోని మగవాళ్లేనట. చప్పట్లు కొట్టే చోట ఈ మాట ఎవరూ చెప్పరు.

అదే పేరుతో ఫ్రాన్సులో ఇంకెందరో ఉన్నారు. 17వ శతాబ్దంలో బుస్సీ రబుటాన్ అనే సైనికాధికారి రాజాస్థానంలోని ప్రేమ వ్యవహారాలను పుస్తకంగా రాశాడు. ఫలితం... 1665లో బాస్టీల్ జైలు, ఆపైన సొంతూరికి బహిష్కారం. రసాయన శాస్త్రవేత్త ఆంటోయిన్ బుస్సీ (1794-1882) 1828లో బెరీలియంను విడదీశాడు. అదే ఏడాది జర్మనీలో వోలర్ కూడా విడిగా ఆ పనే చేశాడు. సిమోన్ బుస్సీ చిత్రకారుడు, మతీస్‌కి స్నేహితుడు. బొబ్బిలిలో వీళ్లెవరి పేరూ వినపడదు.

మన బూసీని 1758లో లాలీ వెనక్కి పిలిపించాడు. 1760లో వందవాసి దగ్గర ఇంగ్లిషువాళ్లకి చిక్కాడు. ఫ్రాన్సు వెళ్లిపోయి, ముసలితనంలో 1783లో మళ్లీ వచ్చాడు. రెండేళ్లకే పుదుచ్చేరిలో కన్నుమూశాడు. అక్కడ ఆయన పేరున్న వీధి తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి వీధి అయింది. ఆటోవాళ్లకి బుస్సీ వీధి అంటేనే తెలుస్తుంది.