భైరవితో బదిలీ ప్రయాణం

మన సంస్థలో ఉద్యోగం చేసేవారికి బదిలీ ఉత్తర్వు కొత్త విషయం కాదు. సామాను లారీకెక్కించడం, పిల్లల టి.సి.లు తెచ్చుకోవడం, గ్యాసు కనెక్షను మార్పించుకోవడం, వీటన్నింటిలో మనమందరమూ ఆరితేరినవారమే. అయితే 34 కిలోల కుక్కను కోర్బా నుంచి విశాఖపట్నం దాకా కారులో ఎలా తీసుకురావాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు. 2023 ఫిబ్రవరిలో మేము ఆ పని చేశాము. చేయడానికి ముందు చాలా భయపడ్డాము. ఆ భయానికొక కారణముంది. దానిని దాచి ఈ ప్రయాణం గురించి మాత్రమే వ్రాయడం సబబు కాదనిపించింది.

2011 మే నెలలో, రామగుండంలో ఉండగా, రాజమండ్రిలో బంధువుల ఇంటి పెళ్ళికి కారులో బయలుదేరాము. మాతోపాటు రాజా ఉన్నాడు. అయిదేళ్ళ అల్సేషియన్. ఇంట్లో విడిచిపెడితే అన్నం ముట్టడని వెంట తీసుకువెళ్ళాము. ఖమ్మం దాటిన తరువాత మధ్యాహ్నం ఒక భోజనశాల ముందు ఆగాము. కుక్కను లోపలికి రానివ్వరు కనుక చెట్టునీడ చూసి కారు నిలిపి, అద్దాలు నాలుగు వేళ్ళ మేర దించి, "పది నిమిషాలేగా" అనుకుని లోపలికి వెళ్ళాము. ఆ మాట పైకి అన్నది ఎవరో మా ఇద్దరికీ బాగా గుర్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు.

వడ్డన ఆలస్యమైంది. బిల్లు మరింత ఆలస్యమైంది. బయటికి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలయింది. చెట్టు ఉన్నచోటనే ఉంది గాని నీడ మాత్రం కారును దాటి జరిగిపోయింది. రాజా వెనుక సీటు క్రింద పడి ఉన్నాడు. నాలుక ముదురు ఎరుపుగా మారింది. నోటి నుంచి చిక్కని చొంగ కారుతున్నది. నిలబెడితే కాళ్ళు నిలవడం లేదు. తువ్వాలు తడిపి ఒంటిమీద కప్పి, వైద్యుని కోసం వెదుకుతూ పరుగెత్తాము. వైద్యులు దొరికారు, చేయగలిగినదంతా చేశారు. ఆ రాత్రి రాజా పోయాడు. మేము పెళ్ళికి వెళ్ళలేదు. కారు చెడిపోయిందని ఫోనులో చెప్పాము.

తరువాత తెలుసుకున్నవి ఇక్కడ వ్రాస్తున్నాము. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పట్టినా, ఒంటి వేడిని తగ్గించుకునేది ముఖ్యంగా నాలుక చాపి వగర్చడం ద్వారానే. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే ఎంత వగర్చినా ప్రయోజనం ఉండదు. బయట 32 డిగ్రీలున్న రోజున ఎండలో మూసి ఉంచిన కారులో పది నిమిషాలకే వేడి 43 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అరగంటకు 50 దాటుతుంది. అద్దాలు కాస్త దించి ఉంచినందువల్ల పెద్ద తేడా ఉండదు. మేము వెళ్ళినది ఫిబ్రవరిలో కాదు, మే నెలలో! చికిత్స విషయంలోనూ పొరబడ్డాము. వడదెబ్బ తగిలిన కుక్కను నీడలోకి తెచ్చి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ, విసరుతూ ముందు చల్లబరచాలి. ఆ తరువాతే వైద్యుని వద్దకు ప్రయాణం. తడి తువ్వాలు కప్పి అలాగే ఉంచితే అది కాసేపటికి వేడెక్కి, ఒంట్లోని వేడిని బయటికి పోనివ్వదు.

అప్పటి నుంచి ఎనిమిదేళ్ళు మా ఇంట్లో కుక్క మాట ఎత్తలేదు. 2019లో కోర్బా టౌన్‌షిప్‌లో వాన తడిసిన ఒక పిల్లను మా అమ్మాయి ఒడిలో పెట్టుకుని తెచ్చింది. తల్లి ల్యాబ్రడార్, తండ్రి ఎవరో తెలియదు. ఒక్క రాత్రికే అన్నాము. ఆ ఒక్క రాత్రి ఇంకా తెల్లవారలేదు. ఆమె భైరవి.

బదిలీ ఉత్తర్వు రాగానే మొదట రైలు గురించి విచారించాము. రైలులో కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరునే దొరకాలి. లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో వేయాలి. ఎప్పుడూ ఇల్లు విడిచి ఉండని జీవిని ఆ చీకటి పెట్టెలో వేయడానికి మనసొప్పలేదు. కారే మిగిలింది. రమారమి 800 కిలోమీటర్లు, రెండు రోజులు, మూడు రాష్ట్రాలు.

ప్లాంటులో చిన్న వెల్డింగు పనికైనా పర్మిట్ లేనిదే చేయి వేయము. ఇంటికి వచ్చాక మాత్రం కుక్కను వెనుక సీటులోకి తోసి తలుపు వేస్తాము. ఈసారి అలా కుదరదనుకుని ఒక కాగితం తీసుకుని కూర్చున్నాము. మొదటి లెక్క: 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేనినైనా ఢీకొని, లోపలి మనిషిగాని జంతువుగాని అర మీటరు దూరంలో ఆగవలసి వస్తే, ఒంటి బరువుకు దాదాపు ఇరవై రెట్ల బలం పడుతుంది. 34 కిలోల భైరవి ఆ క్షణంలో 670 కిలోల బలంతో ముందుకు వస్తుంది. ముందు సీటులోని మా ఇద్దరి వీపులకూ ఆమెకూ మధ్య ఉన్నది ఒక్క సీటు ఆసరా మాత్రమే. లెక్క పూర్తయ్యాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

పెద్ద కుక్కకు గట్టి పంజరం, దానిని కదలకుండా బిగించే ఏర్పాటు ఉంటే మంచిదే. మా చిన్న కారులో పంజరం పెడితే మేము దిగిపోవలసి వచ్చేది. అందుచేత హార్నెస్ కొన్నాము. ఎత్తులో పనిచేసేవారి నడుము బెల్టు మాన్పించి ఫుల్ బాడీ హార్నెస్ ఎందుకు ఇస్తున్నారో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. పడేటప్పుడు ఆ బలం ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పంచుకోవాలి. కుక్కకూ అంతే. మెడపట్టీకి తాడు కట్టి సీటుకు బిగిస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మెడ విరుగుతుంది. ఛాతీమీద వెడల్పైన పట్టీలున్న హార్నెస్‌లోనుంచి సీటు బెల్టును దూర్చి బకిల్ పెట్టాలి. పడుకోవడానికి, లేచి కూర్చోవడానికి వీలుండాలి. ముందు సీట్ల మధ్యకు రాగలిగేటంత పొడవు ఉండకూడదు. కాళ్ళు పెట్టుకునే పల్లంలో పాత బొంతలు చుట్టి నింపి సీటుతో సమానం చేశాము. ముందు సీటు ఆలోచనే వద్దు. ఎయిర్‌బ్యాగ్ మనిషి కోసం చేసినది. కుక్కకు అదే గండం. కిటికీలోంచి తల బయట పెట్టి గాలికి చెవులు ఎగరేసుకుంటూ పోయే కుక్కను చూస్తే ముచ్చటగానే ఉంటుంది, ఎగిరివచ్చిన రాయి కంటికి తగిలేదాకా. కనుక ఆ ముచ్చటను కూడా మానుకున్నాము.

ఒక నెల ముందు నుంచి రోజూ సాయంత్రం హార్నెస్ వేసి టౌన్‌షిప్‌లో త్రిప్పాము. మొదటి రెండు రోజులు పట్టీ కొరికింది. వారం తిరిగేసరికి హార్నెస్ చప్పుడు వినగానే గేటు దగ్గరకు పరుగెత్తేది. పశువైద్యుని వద్ద రేబీస్ టీకా వేయించి, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నదని ధ్రువపత్రం తీసుకున్నాము. 1978 నాటి జంతు రవాణా నిబంధనలు కుక్కల విషయంలో ఈ పత్రాన్ని అడుగుతాయి. మూడు రాష్ట్రాలలో ఏ ఒక్కరూ దానిని అడగలేదనుకోండి. ఒడిశాలో ఒకచోట కారు ఆపిన కానిస్టేబులు పత్రం చూడకుండా, "కరుస్తుందా?" అని మాత్రం అడిగి దూరంగా నిలబడ్డాడు.

బయలుదేరిన రోజు తెల్లవారుజామున రెండింటికి కొద్దిగా అన్నం, నీళ్ళు పెట్టి, నాలుగింటికి కారెక్కాము. రెండు గంటలకొకసారి ఆపి, దించే ముందు గొలుసు తగిలించి, నడిపించి, నీళ్ళు పట్టాము. బండి ఆగగానే తలుపు తీస్తే కుక్క రోడ్డుమీదకు దూకుతుంది. గొలుసు ముందు, తలుపు తరువాత. రాయపూర్, ధంతరీ సుఖంగా గడిచాయి. కేష్కాల్ ఘాట్ మలుపులలో భైరవి తిన్నదంతా కక్కింది. పొట్ట నిండా పెట్టకపోవడమే మంచిదైంది.

కొండగావ్ దాటాక ఒక గేదె ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు శక్తికొద్దీ వేయవలసి వచ్చింది. వెనుక నుంచి "కుయ్" మన్న శబ్దం, వెంటనే ముందు అద్దం దగ్గర పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే భైరవి సీటుమీదనే ఉంది. పట్టీలు బిగుసుకుని, బొంతలమీద ముందుకాళ్ళు మోపి మమ్మల్నే చూస్తున్నది. ఎగిరి వచ్చినది ఆమె కాదు, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. కుక్కను కట్టాము గాని పులిహోరను కట్టలేదు! ఎడమ భుజానికి తగిలిన ఆ దెబ్బ విశాఖపట్నం చేరాక కూడా వారం రోజులు నొప్పి పెట్టింది. క్యారేజీ బరువు మూడు కిలోలు. మా కాగితంమీది 670 అంకె అప్పుడు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

రాత్రి జగదల్‌పూర్‌లో ఆగాము. కుక్కను ఒప్పుకునే వసతి ఏదో ముందుగా ఫోను చేసి కనుక్కోవడం అవసరం. మేము ఆరుచోట్ల అడిగితే ఒకచోట ఒప్పుకున్నారు, అదీ క్రింది అంతస్తులో చివరి గది. మరునాడు జైపూర్, కోరాపుట్ మీదుగా వచ్చి సుంకి ఘాట్ దిగాము. తెలుగు బోర్డులు కనిపించగానే ప్రాణం లేచివచ్చింది. లారీల ఊరు సాలూరులో భోజనానికి ఆగాము.

మా కాగితంలో అన్నిటికంటే పైన వ్రాసుకున్న నియమం ఒకటుంది: కారులో గాని, కారు ప్రక్కన గాని, భైరవితో ఒకరు ఉండితీరాలి. ఏసీ వేసి ఉన్నా సరే, నీడ ఉన్నా సరే, ఒక్క నిమిషమైనా సరే. సాలూరులో ఒకరు లోపల భోజనం చేస్తుంటే మరొకరు వేపచెట్టు క్రింద గొలుసు పట్టుకుని నిలబడ్డాము. తరువాత చోట్లు మార్చుకున్నాము. ఆ భోజనశాల యజమాని ఇది గమనించి, "కుక్కను కారులో పెట్టి ఇద్దరూ రండమ్మా, పది నిమిషాలే గదా" అన్నారు. పాపం, మంచి మనసుతోనే అన్నారు. మేము సమాధానం చెప్పలేదు. రెండవ వంతు భోజనం సగంలోనే ముగిసింది.

రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం దాటి విశాఖపట్నం క్వార్టరు చేరేసరికి చీకటిపడింది. సామాను లారీ ఇంకా రాలేదు. భైరవి గదులన్నీ వాసన చూసి, నీళ్ళు త్రాగి, ఖాళీ హాలు మధ్యలో బొంతమీద పడుకుంది. ప్రక్క క్వార్టరువారు పెరుగన్నం, ఆవకాయ పంపారు. రెండు రోజుల తరువాత మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని కలిసి భోజనం చేశాము. ఆ రాత్రి, పన్నెండేళ్ళ తరువాత మొదటిసారి, రాజా సంగతి మాట్లాడుకున్నాము.