వాసెన

మా నూజివీడు వాళ్ళకి వేసవి వచ్చిందంటే రెండే పనులు. మామిడికాయలు కోయించడం, వాటి గురించి మాట్లాడుకోవడం. చిన్నరసం గొప్పా, పెద్దరసం గొప్పా అన్న తగువు మా ఇంట్లో నా పెళ్ళినాటినించీ ఉంది. ఇంకా తేలలేదు. మా మామయ్యగారిది చిన్నరసాల పక్షం. చిక్కం కట్టిన గెడ పట్టుకుని తోటలోకి వెళ్ళారంటే, భోజనానికి పిలిస్తేగాని వచ్చేవారు కాదు.

అలాంటి మనిషికి కిందటేడు ఉగాది ముందు ఆయాసం వచ్చింది. కాళ్ళు వాచాయి. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. "గుండె ఆగిపోవడం కాదమ్మా, రక్తాన్ని తోడవలసినంత తోడలేకపోవడం" అని డాక్టరుగారు విడమరిచి చెప్పారు. కాని మా చెవుల్లో ఆ "ఫెయిల్యూర్" ఒక్కటే ఉండిపోయింది.

ఆ రోజునించి ఆయన మాకు గాజుబొమ్మ. చెంబెడు నీళ్ళు ఎత్తబోతే అత్తయ్యగారు పరిగెత్తుకొచ్చేవారు. కుర్చీ జరపబోతే మావారు కసిరేవారు. ఉప్పు తగ్గించమన్నారని ఆవకాయ పోయింది. ఏటా ఆవకాయ జాడీకి వాసెన కట్టే పని ఆయనది. అదీ పోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి కాళ్ళు సన్నబడి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆన్చవలసి వచ్చింది.

"ఏవమ్మా, నేను ఇంట్లో మనిషినా, అటకమీద సామాన్నా?" అన్నారొకసారి. నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

మాఘమాసంలో పరీక్షకి విజయవాడ తీసుకెళ్ళాం. ఒకమ్మాయి ఆయన ఛాతీకి ఈసీజీ తీగలు తగిలించి, ఒక చేతికి బీపీ పట్టీ చుట్టి, రెండో చేతిలో పిడిలాంటి పరికరం పెట్టి, "తాతగారూ, బలంకొద్దీ నొక్కండి" అంది.

"అయ్యో!" అంటూ అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"కూర్చోండి మామ్మగారూ" అన్నారు డాక్టరుగారు. "కండ బిగిస్తే లోపలి రక్తనాళాలు నొక్కుకుంటాయి. మీ తోటలో నీళ్ళగొట్టం మూతి నొక్కితే లోపల ఒత్తిడి పెరగదూ? అలాగే బీపీ పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఊపిరి బిగబట్టారంటే భారం మరీ ఎక్కువ. దాన్ని గుండె ఎంతవరకూ ఓర్చుకుంటుందో చూడ్డానికే ఇవన్నీ."

మామయ్యగారు నొక్కారు. అంకెలు ఎక్కాయి. వదిలారు. కాసేపటికి దిగాయి. గుండె లయ తప్పలేదు. తరవాత కాళ్ళ బలమూ చూశారు.

"గుండె ఫరవాలేదు. కండలే చిక్కిపోయాయి. ఈ జబ్బులో అవి ఎలాగూ తగ్గుతాయి. మంచానికి అంటిపెట్టుకుంటే ఇంకా తగ్గుతాయి."

అత్తయ్యగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ప్రేమే ఆయన్ని కూలదోస్తోందన్నమాట!

పూర్వం ఈ జబ్బుకి విశ్రాంతే మందనేవారు. 2009లో వెలువడిన హెచ్ఎఫ్ యాక్షన్ అనే పరిశోధనలో 2,331 మంది రోగుల్ని తీసుకుని, సగం మందిచేత నడక, సైకిలు వంటి వ్యాయామం చేయించారు. జబ్బు నిలకడగా ఉన్నవారికి అది ప్రమాదం కాదని తేలింది. 2015లో మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు లక్షా నలభైవేలమంది పిడికిలి బలం కొలిచిన ఫలితాలు వచ్చాయి. బలం తగ్గినకొద్దీ ప్రాణానికి ముప్పు ఎక్కువగా కనిపించింది. అలాగని ఆయాసం, వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఇవేవీ పనికిరావు సుమండీ. డాక్టరు చూసి చెప్పినంతవరకే.

మామయ్యగారికి చెప్పినవి చిన్న పనులే. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, కొద్దిపాటి బరువు ఎత్తి దించడం, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం.

ఈ వేసవిలో ఆవకాయ కలిపి జాడీకెత్తాం. నేను తెల్లగుడ్డ, తాడు తీసుకెళ్ళి మామయ్యగారి ముందు పెట్టాను. అత్తయ్యగారు లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. ఆయన నెమ్మదిగా ఊపిరి వదులుతూ తాడు బిగించి ముడివేశారు.

"తినే యోగం లేకపోయినా కట్టే యోగం ఉందే!" అన్నారు.

ఈసారి నాకూ నవ్వు వచ్చింది.