ముప్ఫై ఆరు తీగల పెట్టె

పిల్లలూ, మీలో చాలామంది వీణను చూసి ఉంటారు. హిందూస్థానీ గాయకులు ఒడిలో పెట్టుకుని మీటే స్వరమండలాన్ని కూడా కొందరు చూసి ఉంటారు. అది ఒక చదునైన పెట్టె. దాని మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు వరుసగా తీగలు బిగించి ఉంటాయి. ఇటువంటి వాద్యాలను పాశ్చాత్యులు జిథర్లు అంటారు. ఆ జాతికే చెందిన ఒక చిత్రమైన వాద్యాన్ని గురించీ, దాని మూలాన మేము చేసిన ఒక ప్రయాణాన్ని గురించీ ఈ నెల మీకు చెబుతాను. ఆ వాద్యం పేరు ఆటోహార్ప్.

నేను విజయనగరం జిల్లాలో బడిపంతులుగా చేరి, హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్ పట్టణంలో ఉంటారు. ఆ మధ్య నేనూ, మా ఇంటావిడా ఆగస్టులో అక్కడికి వెళ్ళి జనవరి దాకా ఉన్నాము. మనవరాలికి పదేళ్ళు. అంతకు ముందటి సంవత్సరం అది బళ్ళో వయొలిన్ మొదలుపెట్టి, రెండు నెలలకే మానేసిందట. ఎందుకు మానేశావని అడిగితే, "నాకు సంగీతం రాదు, తాతయ్యా," అన్నది. "నాకు ఆకలి లేదు" అన్నంత మామూలుగా అన్నది. పదేళ్ళ పిల్ల తన మీద తనే అలా తీర్పు చెప్పుకోవటం నాకు బాధ కలిగించింది.

ఒకనాడు పాత సామాన్లు అమ్మే దుకాణంలో నల్లగా నిగనిగలాడుతూ ఒక ఆటోహార్ప్ కనిపించింది. దుకాణదారు ఒక మీట నొక్కి, తీగల మీద వేలు గీశాడు. మూడు స్వరాలు ఒక్కసారిగా, ఎంతో హాయిగా మోగినవి. మనవరాలు తాను నొక్కి చూసింది; మళ్ళీ మోగినవి. దాని మొహం వెలిగిపోయింది. నేను ఇంక ఏమీ చూడకుండా అరవై డాలర్లు ఇచ్చి కొనేశాను.

ఈ వాద్యంలోని కీలకం చాలా సులువు. 36 తీగలు ఉంటాయి. వాటి మీద అడ్డంగా 15 గాని, 21 గాని పట్టీలు ఉంటాయి. ఒక్కొక్క పట్టీకి ఒక మీట. పట్టీ అడుగున ఫెల్టు అనే మెత్తని ఉన్నిగుడ్డ అతికించి ఉంటుంది. మీట నొక్కితే పట్టీ కిందికి దిగి, ఫెల్టు తాకిన తీగలన్నీ మూగవోతాయి. కాని కొన్ని తీగలకు ఎదురుగా ఫెల్టును కత్తిరించి ఖాళీ ఉంచుతారు. వేలితో గీస్తే ఆ తీగలు మాత్రమే పలుకుతాయి. అంటే, మీట స్వరాలను పలికించదు. అక్కరలేని స్వరాలను ఊరుకోబెడుతుంది, అంతే! వేలు ఎత్తగానే కింది స్ప్రింగులు పట్టీని పైకి లేపుతాయి.

కలిసి పలికే స్వరాల గుంపును వాళ్ళు కార్డ్ అంటారు. మన శంకరాభరణ రాగ స్వరాలతో చెప్పాలంటే, ఒక మీట నొక్కితే స, గ, ప కలిసి మోగుతాయి. ఇంకొక మీటకు మ, ద, స. మరొక మీటకు ప, ని, రి, మ. ఈ మూడు మీటలు చేతనయితే ఎన్నో పాటలకు తోడు వాయించవచ్చు.

అంతా బాగానే ఉన్నది. కాని మర్నాడు ఉదయం మనవరాలు మీట నొక్కితే పెట్టె అపశ్రుతిగా మూలిగింది. నేను బిరడాలు తిప్పి సరిచేశాను. సాయంత్రానికి మళ్ళీ దిగిపోయింది. నాలుగు రోజులు ఇదే వరస. అయిదో రోజున పిల్ల ఆ పెట్టెను అలమరలో పెట్టి, "చూశావా, తాతయ్యా! నేను పట్టుకుంటే ఏదీ పలకదు," అన్నది. ఆ మాటతో, అరవై డాలర్లు పెట్టి నేను దానికి కొనిపెట్టింది ఇంకొక ఓటమి అని నాకు అర్థమయింది.

అప్పుడు మా అల్లుడు, "ఈ వాద్యానికి పుట్టిల్లు లాంటి చోటు ఇక్కడికి దగ్గిరలోనే ఉన్నది, మామయ్యగారూ. అక్కడ ఎవరికయినా చూపిద్దాము," అన్నాడు. అక్టోబరులో ఒక శనివారంనాడు పెట్టెను కారులో వేసుకుని అందరం బయలుదేరాము. దారి పొడుగునా కొండల మీద చెట్లు ఎర్రగా, పచ్చగా, రాగిరంగుగా మారి ఉన్నవి.

రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేసి బ్రిస్టల్ చేరాము. ఈ ఊళ్ళో ఒక వింత ఉన్నది. స్టేట్ స్ట్రీట్ అనే పెద్ద వీధి నడిమధ్యగా రెండు రాష్ట్రాల సరిహద్దు పోతుంది. ఒక పక్క వర్జీనియా, రెండో పక్క టెన్నెసీ! రోడ్డు మధ్య ఇత్తడి బిళ్ళలు తాపడం చేసి ఉన్నవి. మా మనవరాలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క కాలు పెట్టి నిలబడి ఫోటో తీయించుకున్నది.

1927లో రాల్ఫ్ పీర్ అనే ఆయన గ్రామఫోను రికార్డులు చెయ్యటానికి ఈ ఊరు వచ్చి, టెన్నెసీ వైపున టోపీల కంపెనీ భవనంలో తన యంత్రాలు అమర్చుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఎ. పి. కార్టర్ అనే కొండప్రాంతపు మనిషి తన భార్య సారానూ, మరదలు మేబెల్‌నూ కారులో ఎక్కించుకుని వచ్చాడు. మేబెల్‌కు అప్పుడు 18 ఏళ్ళు. సారా వెంట చంటిబిడ్డ కూడా ఉన్నాడు. ఆగస్టు 1, 2 తేదీలలో వారు 6 పాటలు రికార్డు చేశారు. సారా పాడుతూ వాయించినది ఈ ఆటోహార్ప్‌నే. ఆ పాటలు దేశమంతా వినిపించినవి. ఈ చరిత్రనంతా చూపే మ్యూజియం ఒకటి 2014లో బ్రిస్టల్‌లో తెరిచారు.

అక్కడి నుంచి పడమరగా గంటలోపు ప్రయాణం చేస్తే హిల్టన్స్ వస్తుంది. ఆ పక్కనే క్లించ్ పర్వతం నీడలో కార్టర్ల స్వస్థలం ఉన్నది. ఆ లోయ పేరు పూర్ వ్యాలీ, అంటే పేద లోయ. పేరుకు తగ్గట్టు అక్కడ పెద్ద భవనాలేమీ లేవు. ఎ. పి. కార్టర్ నడిపిన చిన్న కిరాణా దుకాణం ఇప్పుడు మ్యూజియం అయింది. ఆయన పుట్టిన దుంగల ఇంటిని కూడా దాని దగ్గిరకు చేర్చి నిలబెట్టారు. ఆయన కూతురు జానెట్ 1974లో ఆ దుకాణంలోనే శనివారం కచేరీలు మొదలుపెట్టింది. తరవాత పక్కనే పెద్ద శాల కట్టారు. తాతల నాటి పాటలు వింటూ ముసలివాళ్ళూ, పిల్లలూ కలిసి చెక్కబూట్లు టకటకలాడించినట్టు చప్పుడు చేస్తూ నాట్యం చేస్తారు. మద్యం లోపలికి రానివ్వరు. మన ఊళ్ళో రామమందిరం ముందు భజన జరుగుతున్నట్టు ఉన్నది నాకు.

కచేరీకి ముందు చెట్టు కింద డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ ఆటోహార్ప్ వాయిస్తూ కూర్చున్నది. పెట్టెను బిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని, ఎడమచేతి వేళ్ళు మీటల మీద ఉంచి, కుడిచేతిని దాని మీదుగా దాటించి తీగలు మీటుతున్నది. పూర్వం అందరూ దీన్ని ఒడిలోనో, బల్లమీదనో పెట్టుకుని వాయించేవారు. ఇలా ఎత్తి పట్టుకోవటాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినది మేబెల్ కార్టరే.

మేము మా పెట్టె చూపించాము. ఆవిడ యాస నాకు సగమే అర్థమయింది. మిగతా సగం మనవరాలు తెలుగులో చెప్పింది. ఆవిడ పెట్టెను కంటి ఎత్తుకు ఎత్తి, అంచు వెంబడి చూసింది. తీగల లాగుడుకు పైపలక కుంగి ఉన్నది. బిరడాలు ఉన్న వైపున చెక్కలో సన్నని చీలిక కనిపించింది. తాళంచెవితో తిప్పితే నాలుగు బిరడాలు అసలు బిగువే లేకుండా తిరిగినవి. ఫెల్టు గట్టిపడి, తీగల గాడులు పడి ఉన్నది. ఆవిడ పెట్టెను కింద పెట్టి మా మనవరాలితో, "బంగారూ, ఈ తప్పు నీ చేతులది కాదు. దీన్ని నేను వాయించినా ఇంతే," అన్నది.

పిల్ల ఆ మాటలు నాకు తెలుగులో చెప్పలేదు. కాని అవి నాకు బాగానే అర్థమయినవి.

తరవాత ఆవిడ తన వాద్యాన్ని దాని చేతికిచ్చి, రెండు మీటలు చూపించింది. పావుగంటలో ఇద్దరూ కలిసి ఒక చిన్న పాట వాయించారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకోవటం చూశాను.

ఈ వాద్యం చరిత్ర కూడా ఆవిడకు కరతలామలకం. జర్మనీ నుంచి వచ్చి ఫిలడెల్ఫియాలో స్థిరపడిన చార్లెస్ జిమ్మర్‌మన్ 1882లో దీనికి పేటెంటు పొందాడు. అయితే జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ ఊళ్ళో గ్యూటర్ అనే పనివాడు చేసిన పెట్టెయే నేటి రూపానికి దగ్గిరగా ఉంటుంది. జిమ్మర్‌మన్ తరవాత ఈ వ్యాపారాన్ని కొన్నది ఎవరనుకున్నారు? పియానోలకు ఫెల్టు తయారుచేసే ఆల్‌ఫ్రెడ్ డాల్జ్! ఫెల్టు లేనిదే ఈ వాద్యం లేదు గదా! కేటలాగులు చూసి టపాలో తెప్పించుకునే వీలుండటంతో ఇది మారుమూల కొండపల్లెలకు కూడా చేరింది. తరవాత చాలాకాలం అమెరికాలో చిన్నపిల్లల బళ్ళలో టీచర్లు పాటలు నేర్పటానికి దీన్నే వాడారు.

నెలరోజుల తరవాత ఇంకొక ఆటోహార్ప్ కొన్నాము. ఈసారి పరీక్ష చేసినది నేను కాదు, మనవరాలు. పైపలకను అంచు వెంబడి చూసింది. చీలిక కోసం వెతికింది. ప్రతి బిరడానూ కొంచెం తిప్పి బిగువు చూసింది. ప్రతి మీటా నొక్కి, అక్కరలేని తీగ ఏదయినా జుమ్మంటున్నదేమో విన్నది. చివరకు, "శ్రుతి చేసి ఒక గంట ఉంచండి, మళ్ళీ వచ్చి వింటాను," అని దుకాణదారుతో అన్నది. అతను నవ్వుతూ ఒప్పుకున్నాడు. గంట తరవాత కూడా శ్రుతి నిలిచి ఉన్నది. మెరుగుకు మోసపోయినవాణ్ణి నేనయితే, మెళకువ నేర్చుకున్నది అది.

కొనటంతో పని అయిపోదు. 36 తీగలను తరచు శ్రుతి చేసుకోవాలి. ఇందుకు చిన్న తాళంచెవి ఉంటుంది. ముందు తీగ వెంబడి వేలు పోనిచ్చి, దాని బిరడా ఏదో తెలుసుకోవాలి. పక్క బిరడాకు తాళంచెవి పెట్టి, "ఇదేమిటి, మారదేం?" అని తిప్పుతూ పోతే పక్క తీగ పటుక్కున తెగుతుంది. ఈ పాఠం మేము ఒక తీగ తెంచుకుని నేర్చుకున్నాము. బిరడాను వెంట్రుకవాసి మాత్రమే తిప్పాలి. కొన్ని తీగలు బిగిస్తే చెక్క మీద లాగుడు మారి, మిగతావి కొంచెం దిగుతాయి. అందుచేత చివరిదాకా చేసి, మళ్ళీ మొదటినుంచి ఒకసారి రావాలి. కొత్త తీగ కొన్నాళ్ళు సాగుతూనే ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడరాదు.

వాయించిన తరవాత పొడిగుడ్డతో తీగలు తుడవాలి. చేతి చెమటకు ఇనుము తుప్పు పడుతుంది. ఎండలో మూసిన కారులో పెట్టెను వదిలితే జిగురు వదులవుతుంది. అమెరికాలో చలికాలంలో ఇంట్లో వేడి యంత్రాలు పెడతారు. ఆ పొడిగాలికి చెక్క ఎండి చీలుతుంది. మన కోస్తాలో అయితే గాలిలోని తేమకు చెక్క ఉబ్బుతుంది. ఏ దేశంలోనయినా పెట్టెను దాని సంచిలో భద్రం చెయ్యటమే మేలు.

జనవరిలో మేము తిరిగి వచ్చేశాము. ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్‌లో మనవరాలు శ్రుతి చేస్తుంది, నేను వింటాను. తీగ తరవాత తీగ, అరగంట పడుతుంది. విసుక్కోదు. అంతా అయ్యాక వాళ్ళ అమ్మమ్మ నేర్పిన జోలపాట వాయిస్తుంది. స, గ, ప మీట నొక్కినప్పుడు, అన్ని వేల మైళ్ళ దూరం నుంచి ఆ మూడు స్వరాలు మా వసారాలో మోగుతాయి.

పిల్లలూ, ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇది మీకే కాదు, మీ అమ్మానాన్నలకూ, నాబోటి పంతుళ్ళకూ కూడా. బళ్ళో పనిచేసిన రోజులలో "వీడికి లెక్కలు రావు," "దీనికి చదువు అబ్బదు" అని నేను ఎందరి ప్రోగ్రెసు కార్డుల మీద రాశానో లెక్కలేదు. వాళ్ళ చేతిలో ఉన్న పెట్టె ఎలాంటిదో, అంచు వెంబడి ఒక్కసారి కూడా చూడలేదు. మీకు ఏదయినా రాదని అనిపిస్తే, వెంటనే అలమరలో పెట్టెయ్యకండి. తెలిసినవారి దగ్గిరికి తీసుకుపోయి చూపించండి. తప్పు మీ చేతులది కాకపోవచ్చు.