చలి శాపం ఎవరికి తగలాలి

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్లు తలో పాత్రా పట్టుకుని పాచికలతో ఆడే ఆటల్లో మంచుదేశాలకు కొదవలేదు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దగ్గర్నుంచి ఈ ఆటల నిండా హిమశాపాలూ చలిజబ్బులూ ఉన్నాయి. చాలావాటిని మాత్రం చలి ఎలా చంపుతుందో తెలిసి రాసినట్టు ఉండదు. ఆ ఆట 2014 నాటి నిబంధనల ప్రకారం సున్నా ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 18 సెల్సియస్‌, అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో తిరిగే పాత్ర గంటకోసారి పాచిక వెయ్యాలి. ఓడితే అలసట ఒక మెట్టు పెరుగుతుంది, ఆరో మెట్టు చావు. చలి దుస్తులు తొడుక్కుని ఉంటే గెలిచినట్టే లెక్క. జబ్బు చేస్తే రెండో స్థాయి మంత్రం చాలు, శాపమైతే మూడో స్థాయిది. లెక్క తేటగా ఉంది, ఆడటానికీ సులువే. కానీ అదంతా ఒక పాత్రకూ దాని ఒంటికీ మధ్య నడిచే వ్యవహారం, పక్కన నడిచేవాడికి అందులో పని లేదు. చలి శాపం రాయబోయేవాళ్లు మొదట మార్చవలసింది దీన్నేనని నా నమ్మకం. తగిలింది ఒకరికే అయినా, కనిపెట్టడం, మొయ్యడం, తీర్చడం పక్కవాళ్ల వంతు కావాలి.

ఇది కథ రక్తి కట్టడానికి చెబుతున్న మాట కాదు, చలి ఒంటిమీద పనిచేసే తీరే అది. మొదట వణుకు వస్తుంది, లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగుతూ పోతే మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది. వణుకు ఆగిపోతే రోగి తేరుకున్నాననుకుంటాడు. నిజానికి అప్పుడే ముదిరింది. చివరి దశలో కొందరికి ఒళ్లు మండిపోతున్నట్టుండి మంచులోనే బట్టలు విప్పేసుకుంటారు. తనకేమీ కాలేదని రోగి నమ్మే వేళకే ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది, తోడున్నవాడు గమనించాలి తప్ప వేరే దారి లేదు. దీన్ని ఆటలోకి తేవడం కష్టమేమీ కాదు. కథ నడిపే మనిషి ఒక ఆటగాడికి ‘నీకిప్పుడు వెచ్చగా, హాయిగా ఉంది’ అని చీటీ రాసిచ్చి, మిగిలినవాళ్లతో ‘అతను చేతి తొడుగులు తీసి పారేస్తున్నాడు’ అని మాత్రం చెప్పాలి. పాచిక దొర్లకముందే బల్ల దగ్గర గుబులు పుడుతుంది. పాత కథల్లోనూ ఇదే తీరు. డేనిష్ రచయిత ఆండర్సన్ 1844లో ప్రచురించిన మంచురాణి కథలో కాయ్ అనే పిల్లవాడి గుండెలో మాయ అద్దం పెంకు గుచ్చుకుంటుంది. నొప్పి అతనికి కాసేపే. ఉత్తరాన మంచుకోట దాకా వెతుక్కుంటూ వెళ్లి, తన కన్నీళ్లతో ఆ పెంకును కరిగించింది అతని స్నేహితురాలు గెర్డా.

తన పాత్రకు ఏం జరుగుతోందో తనకే తెలియకుండా చేస్తే ఆటగాడి చేతిలోంచి ఆట లాగేసుకున్నట్టు కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇలాంటి శాపాన్ని హఠాత్తుగా తెచ్చి పెట్టకూడదు. ఆట మొదలయ్యేముందే అందరి ఒప్పుకోలూ తీసుకోవాలి. కష్టమనిపించిన క్షణంలో ఎవరైనా ఆట ఆపగలిగేలా జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు లాంటిది బల్ల మీద ఉండాలి. ఆ ఏర్పాటుంటే రోగి పాత్రధారికి పని తగ్గదు, పెరుగుతుంది. చావుకు దగ్గరవుతూ హాయిగా ఉన్నానని వాదించే మనిషిని ఆడటం, పాత్రకు మిగిలిన ప్రాణాన్ని చెప్పే అంకెలు కొట్టేసుకుంటూ కూర్చోవడం కంటే ఎంతో మెరుగు.

భోగిమంటల చలి తప్ప ఎరగని తెలుగు ఆటగాళ్లకు మైనస్ 18 అనే అంకె ఏమీ చెప్పదు. సంచిలో మూడు రొట్టెలున్నాయి, తినేవాళ్లు అయిదుగురు అంటే మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం 2020లో వచ్చిన ‘ఐస్‌విండ్ డేల్: రైమ్ ఆఫ్ ది ఫ్రాస్ట్‌మెయిడెన్’ అనే సాహసకథ గొప్పతనం ఇక్కడే ఉంది. ఆరిల్ అనే దేవత అంతులేని చలికాలం విధించింది. ఆమెను శాంతింపజేయడానికి అమావాస్య రాత్రి కొన్ని ఊళ్లు మనిషిని బలిస్తాయి, కొన్ని తిండిని వదులుకుంటాయి, కొన్ని మంటలు వేసుకోవు. శాపం దేవతదే, ఏది వదులుకోవాలన్న నిర్ణయం మాత్రం ఊరివాళ్లది. ఆకలి చలికాలంలో అయినవాళ్లనే తినబోయే విండిగో కూడా ఈ కోవదే. కానీ అది ఉత్తర అమెరికాలోని క్రీ, ఓజిబ్వే ప్రజల సొంత కథ, వాళ్ల పాత భయాల్లోంచీ నిజమైన మరణాల్లోంచీ వచ్చింది. దానికి దుప్పి కొమ్ములు తగిలించి ఆటల పుస్తకాల్లో రాక్షసిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆకలికీ బంధుత్వానికీ మధ్య నలిగే శాపం ఎవరైనా కొత్తగా రాసుకోవచ్చు, ఆ పేరు ఆ ప్రజలకే వదిలెయ్యాలి.

ఇంత చెప్పినా, మంత్రాలున్న లోకంలో జబ్బు ఎంతసేపు నిలుస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మంత్రాన్ని నిషేధించనక్కర్లేదు. అది ఒంటిని బాగుచేస్తుంది కానీ సంచి నింపదు. స్కర్వీనే చూడండి. నెలల తరబడి తాజా ఆకు, పండు దొరక్కపోతే సి విటమిన్ అడుగంటి, చిగుళ్లు కుళ్లి, ఎప్పుడో మానిన గాయాలు సైతం మళ్లీ నోరు తెరుస్తాయి. తిండి మారకపోతే ఇవాళ పోయిన జబ్బు తిరిగొస్తుంది. పాత సాహసాల్లో తగిలిన దెబ్బలన్నీ ఒక్కొక్కటే విచ్చుకునే ఇలాంటి శాపాన్ని ఏ మాంత్రికుడూ కల్పించలేదు. 1535 చలికాలంలో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే, ఇప్పటి క్యూబెక్ నగరం ఉన్నచోట, స్టడకోనా అనే ఊరి దగ్గర మూడు నౌకలతో మంచులో చిక్కుకున్నాడు. 110 మందిలో 25 మంది స్కర్వీతో పోయారు. తమ బలహీనత ఊరివాళ్లకు తెలిస్తే దాడి చేస్తారని భయపడి, వాళ్లు వచ్చినప్పుడల్లా నౌకల్లో రోగుల చేత చప్పుళ్లు చేయించి పని జరుగుతున్నట్టు నటించాడు. మందు ఆ ఊరివాళ్ల దగ్గరే ఉంది. నాయకుడు డొన్నకోనా కొడుకు డొమగాయా కొద్దిరోజుల కిందటే అదే జబ్బు నుంచి లేచాడు. జబ్బు తన నౌకరుకని చెప్పి కార్టియే అతన్ని మందడిగాడు. అనెడ్డా అనే చెట్టు బెరడూ ఆకులూ మరిగించి తాగాలని డొమగాయా చెప్పాడు, ఆ ఊరి స్త్రీలు కొమ్మలు తెచ్చిచ్చారు. తాగినవాళ్లు వరసగా లేచి నిలబడ్డారు. ఒక పెద్ద చెట్టు మొత్తం వారం రోజుల్లో ఖర్చయిపోయింది.

ఆటలో దీన్ని ఎలా వాడాలో వేరే చెప్పనవసరం లేదు. జట్టు ఎవర్ని అనుమానిస్తోందో మందు వాళ్ల దగ్గర పెట్టాలి, అడగాలంటే తమ బలహీనత బయటపెట్టక తప్పని స్థితి కల్పించాలి. అయితే మన ఆటల్లో శాపం తీరగానే అధ్యాయం ముగిసిపోతుంది. కార్టియే కథ అక్కడ ముగియలేదు. మంచు కరిగాక, 1536 మే నెలలో, అతను డొన్నకోనానూ మరికొందరినీ పట్టి నౌకలెక్కించుకుని ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. డొన్నకోనా తిరిగి రాలేదు, అక్కడే చనిపోయాడు. పట్టుకుపోయినవాళ్లలో డొమగాయా కూడా ఉన్నాడు. మందు దొరికి లేచి నిలబడ్డ జట్టు, మందిచ్చినవాళ్లతో ఎలా ప్రవర్తిస్తుందన్న దానికి కూడా ఆటలో ఒక పూట కేటాయించాలి.