చెల్లెలి వాటా

బిగ్ బ్రదర్‌ని తెలుగులో ఏమనాలో తోచక "పెద్దన్నయ్య" అన్నాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వారు. "బిగ్ బాస్ లాగానా మేడమ్?" అన్నాడొక అబ్బాయి. అవునన్నాను. 2017 నుంచి తెలుగు టీవీలో వస్తున్న ఆ ఆటకి మూలమైన విదేశీ కార్యక్రమం పేరు ఈ నవలలోంచి తీసుకున్నదే. కానీ ఆడపిల్లలు నవ్వింది అందుక్కాదు. "మా ఇంట్లోనూ ఉన్నాడు మేడమ్, రోజూ నా ఫోను చూస్తాడు" అంది కిటికీ పక్కన కూర్చునే పిల్ల. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను.

కాకుమాను మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే రోజుల సంగతిది. శనివారం ఆఖరి పీరియడు లైబ్రరీకని ఉండేది. దాన్ని మిగతావాళ్ళు లెక్కలకో సైన్సుకో వాడుకునేవాళ్ళు, నేను అడిగి తీసుకున్నాను. జార్జ్ ఆర్వెల్ 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' ఏ సిలబస్‌లోనూ లేదు. బాపట్ల నుంచి బస్సులో వస్తూ ఆ వారం చెప్పాల్సిన భాగాన్ని పెన్సిలుతో గీసుకునేదాన్ని. రెండు పేరాలు ఇంగ్లీషులో చదివి, మిగతాది తెలుగులో కథ చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆ పుస్తకమే ఎందుకంటే, నిజం చెప్పాలి, నా కోపం కొద్దీ. 2022 ఆగస్టు నుంచి టీచర్లం పొద్దున్నే ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవలసి వచ్చింది. అంతకుముందు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం కూడా బడి పనుల్లో చేరింది. రాజ్యం, నిఘా అని చాలా చెప్పాలనుకున్నాను. నోట్సు కూడా రాసుకున్నాను.

నేను రాసుకున్నవేవీ పిల్లలకి పట్టలేదు. మాటల్ని కత్తిరిస్తూ పోయే కొత్త భాష సంగతి నాకు ఎంతో ఇష్టమైన భాగం. అది చెబుతుంటే ఆవులించారు. చివర్లో విన్‌స్టన్ మొహం దగ్గరికి ఎలకల బోను తెచ్చే చోట మాత్రం పెద్ద చర్చే జరిగింది. పొలాల్లో బుట్టలు పెట్టి ఎలకలు పట్టే ఇంటి పిల్లాడు ఒకడు ఉన్నాడు. ఆకలితో ఉన్న ఎలక ముందు దారి వెతుక్కుంటుంది గాని మనిషి మొహం జోలికి రాదని వాదించాడు. ఆర్వెల్‌కి ఆ విషయం తెలియదన్నాడు.

కథ మొదట్లో విన్‌స్టన్ తన గదిలో టెలిస్క్రీన్ కంట పడని మూల చూసుకుని డైరీ మొదలుపెడతాడు కదా. మీ ఇళ్ళల్లో అలాంటి మూల ఎక్కడుందో చెప్పమన్నాను. మగపిల్లలు చెరువు గట్టు, గుడి వెనక, పొలం అంటూ ఊరంతా చెప్పుకొచ్చారు. ఆడపిల్లలు చాలాసేపు ఆలోచించారు. "బాత్రూము" అంది ఒకమ్మాయి. "అదీ ఎక్కువసేపు కుదరదు, తలుపు కొడతారు" అంది ఇంకొకమ్మాయి. మరుసటి వారం నా డబ్బుల్తో ఆడపిల్లలందరికీ తలా ఒక నోటుబుక్కు కొనిచ్చాను. ఏమైనా రాసుకోండి, నాకు చూపించక్కర్లేదు అన్నాను. అప్పుడు నా మీద నాకే గౌరవం పెరిగిన మాట కూడా ఒప్పుకోవాలి.

జూలియా దగ్గర ఇబ్బంది పడ్డాను. పద్నాలుగేళ్ళ పిల్లలకి, ఆ ఊళ్ళో, ఆ ప్రేమ భాగాలు ఎలా చెప్పను? వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని చెప్పి ముందుకెళ్ళాను. "మీరు కొన్ని పేజీలు దాటేశారు మేడమ్" అంది కిటికీ పక్క పిల్ల, నా చేతిలో పుస్తకం మందం చూసి. పాత పత్రికల్లో వార్తలు మార్చి రాయడమే విన్‌స్టన్ ఉద్యోగమని వాళ్ళకి చెప్పింది నేనే.

విన్‌స్టన్ రహస్య గ్రంథం చదువుతుంటే జూలియా నిద్రపోతుంది. ఆమెకి సిద్ధాంతం పట్టదు, కోరిక ఒక్కటే ఆమె తిరుగుబాటు అన్నట్టు రాస్తాడు ఆర్వెల్. నేనూ యూనివర్సిటీలో అలాగే చదివాను, పరీక్షలో అలాగే రాశాను. ఈ పిల్లలు మాత్రం "పగలంతా మిషన్ల దగ్గర పనిచేసొచ్చింది, నిద్ర రాదా?" అన్నారు. దొంగబజారులో పంచదారా కాఫీపొడీ సంపాదించి తెచ్చింది ఎవరు, తాగి చదువుకుంటున్నది ఎవరు అని లెక్క తీశారు. డాఫ్నే పటాయ్ 1984లోనే 'ది ఆర్వెల్ మిస్టిక్' రాసి ఆయన పురుష దృష్టిని నిలదీసింది. ఆర్వెల్ కంటే పన్నెండేళ్ళ ముందే, 1937లో, కాథరిన్ బర్డెకిన్ 'స్వస్తిక నైట్'లో స్త్రీలని పిల్లల్ని కనే పశువులుగా మార్చిన రాజ్యాన్ని ఊహించింది. అది మగ పేరుతో అచ్చయింది. ఆ పేరు వెనక ఉన్నది ఒక స్త్రీ అని 1980లలో గాని తెలియలేదు. శాండ్రా న్యూమన్ 2023లో ఇదే కథని జూలియా వైపు నుంచి తిరగరాసింది. ఇవన్నీ నాకు తెలుసు. పుస్తకాల ద్వారా తెలుసు.

చాక్లెట్ భాగం చెప్పిన రోజు క్లాసు నా చేతిలో లేదు. కరువు రోజుల్లో ఇంటికి చిన్న చాక్లెట్ ముక్క వస్తుంది. ముగ్గురు మనుషులు. నాకే మొత్తం కావాలని విన్‌స్టన్ ఏడుస్తాడు. తల్లి ముప్పావు భాగం వాడికిచ్చి, పావు చెల్లెలికిస్తుంది. వాడు ఆ పావూ లాక్కుని పారిపోతాడు. "వాడికి ఆకలేసింది మేడమ్" అన్నాడొక అబ్బాయి జాలిగా. "చెల్లికి ఆకలి లేదా?" అని నాలుగైదు గొంతులు ఒకేసారి లేచాయి. అన్నదమ్ములు కాన్వెంటు బస్సెక్కితే తాము నడిచి ఈ బడికొచ్చే పిల్లలు సగం మంది ఉన్నారు అందులో. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

రెండు వారాల తర్వాత, పొద్దున్నే, కిటికీ పక్క పిల్ల తల్లి వచ్చింది. మిరపకాయ కోతలకెళ్ళే ఆటోని గేటు దగ్గర ఆపి వచ్చింది. "అదేదో రాసుకోమన్నారంట గదా మేడంగారూ. వాళ్ళన్న చూశాడు. రాత్రి కొట్టి చింపేశాడు. టెన్తు అవగానే మానిపిస్తానంటున్నాడు వాళ్ళ నాన్న" అని, కొంగు ముడి విప్పి చిరిగిన కాగితాలు బల్ల మీద పెట్టింది. "నాకు చదువు రాదు. ఏం రాసిందో మీరు చదివి చెప్పండి."

పిల్లని పిలిపించాను. చదవనా అని అడిగాను. తలూపింది.

బడిలో గుడ్డు అందరికీ ఒకటే అని రాసుకుంది. ఇంట్లో గుడ్ల పులుసు పెడితే నాన్నకి రెండు, అన్నయ్యకి రెండు, తనకి ఒకటి. అమ్మ పులుసు మాత్రం పోసుకుంటుంది. విన్‌స్టన్‌కి ముప్పావు, చెల్లికి పావు ఇచ్చేస్తే వాళ్ళమ్మకి ఏమీ మిగల్లేదు, ఆ సంగతి మేడమ్ చెప్పలేదు అని కింద రాసి గీత గీసింది.

నేను చెప్పలేదు. ముప్పావుకి పావు కలిపితే ఒకటి అవుతుందని, తల్లి వాటా సున్నా అని, ఇరవై ఏళ్ళుగా ఆ పుస్తకం చదువుతున్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఇంతేనా? మగపిల్లాడి పేరేదన్నా ఉందేమోనని రాత్రంతా హడలి చచ్చాను" అంది తల్లి. కాగితాలు మడిచి మళ్ళీ ముడేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కూతురి వంక చూడకుండా నాతో, "నాకు గుడ్డు పడదండీ" అంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

చదువు మానిపించలేదు. ఫోను మాత్రం తీసేసుకున్నారు. దెబ్బలు తిన్నది ఆ పిల్ల. సంపాదకులకి వ్యాసం పంపుతున్నది నేను. ఈ తేడాని ఎలా సర్దుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ శనివారం, ఇకనుంచి నోటుబుక్కులు ఇళ్ళకి తీసుకెళ్ళొద్దు, లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాను. పిల్లలెవరూ మాట్లాడలేదు. కిటికీ పక్క పిల్లే లేచి నిలబడింది.

"తాళంచెవి మీ దగ్గరుంటుందా మేడమ్?"

ఉంటే ఏం అనబోయాను. ఆ పిల్ల నావైపు మర్యాదగానే చూస్తోంది. తాళంచెవి తీసి మొదటి బెంచీ మీద పెట్టి, పాఠం మొదలుపెట్టడానికి బోర్డు వైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి అది అక్కడ లేదు. ఎవరు తీసుకున్నారో నేను అడగలేదు.